పల్నాడులో వైకల్యం, సామాజిక సంబంధాలు, జీవన నాణ్యత: ఒక చారిత్రక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ క్రింది పనులు చేయగలుగుతారు.

• వైకల్యాన్ని శరీర లోపంగా మాత్రమే కాక సామాజిక సంబంధంగా ఎందుకు అధ్యయనం చేయాలో వివరించడం.
• ఆస్తి, వివాహం, జనగణన, పింఛను వంటి వ్యవస్థలు వికలాంగుల జీవితాన్ని ఏయే దశల్లో ఎలా మార్చాయో గుర్తించడం.
• పల్నాడు, దాని ఇరుగుపొరుగు ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ చరిత్రను వివరించడం.
• జీవన నాణ్యత అనే భావనను మీ సొంత ఊరి పరిస్థితులకు అన్వయించడం.

1. పరిచయం

పల్నాడు పేరు చెప్పగానే మనకు పన్నెండో శతాబ్దపు యుద్ధం గుర్తుకు వస్తుంది. గురజాల, మాచర్ల రాజ్యాల వైరం, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు, కారంపూడిలో ఏటా జరిగే వీరారాధన ఉత్సవాలు తెలుగువారందరికీ పరిచయమే. ఆ వీరగాథలో బ్రహ్మనాయుడు నెలకొల్పినదిగా చెప్పే చాపకూడుకు ప్రత్యేక స్థానం ఉంది. కులాల తేడా పాటించకుండా అందరూ ఒకే చాప మీద కూర్చుని భోజనం చేయడమే చాపకూడు. చరిత్రకారులు దీన్ని సాధారణంగా కుల సంస్కరణ కోణం నుంచి చర్చిస్తారు.

ఈ పాఠంలో మనం అదే చాప గురించి మరొక ప్రశ్న వేసుకుంటాం. చాప మీద కూర్చోవాలంటే మోకాళ్లు మడవగలగాలి, నడుం వంచగలగాలి. అవి వంగని మనిషి ఎక్కడ కూర్చుంటాడు? అతనికి ఒక ఎత్తుపీట వేసి అదే వరుసలో వడ్డిస్తారా, లేక ఇంటి వెనుక గదిలోకి పళ్లెం పంపిస్తారా? శరీరం రెండు సందర్భాల్లోనూ ఒకటే. అందిన అన్నం కూడా ఒకటే కావచ్చు. అయినా ఆ రెండు జీవితాలు ఒకటి కావు. వైకల్య చరిత్ర అధ్యయనం చేసేది సరిగ్గా ఈ తేడానే.

రాజుల చరిత్రకు శాసనాలు ఉంటాయి. వికలాంగుల చరిత్రకు అలాంటి ఆధారాలు ఒకచోట దొరకవు. ధర్మశాస్త్రాల్లో వారసత్వ నియమాలు, బ్రిటిష్ కాలపు జనాభా లెక్కలు, వైద్య పత్రికల్లో వచ్చిన పరిశోధన వ్యాసాలు, స్వాతంత్ర్యానంతర చట్టాలు, సంక్షేమ పథకాలు, వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. పల్నాడును ఉదాహరణగా తీసుకుని ఈ పాఠంలో ఆ పని చేద్దాం.

2. ప్రాంతం, పదాలు

పల్నాడు అని పూర్వం వ్యవహరించినది ప్రధానంగా గురజాల, మాచర్ల, కారంపూడి, దాచేపల్లి, రెంటచింతల ప్రాంతాన్ని. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఈ ప్రాంతం అందులో భాగంగా ఉండేది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. దానితో నరసరావుపేట, వినుకొండ, సత్తెనపల్లి వైపు ప్రాంతాలు కూడా పాలనాపరంగా పల్నాడు పేరు కిందికి వచ్చాయి. ఉత్తరాన కృష్ణా నది దాటితే నల్గొండ వైపు వెళ్తాం. వినుకొండ దాటి దక్షిణానికి వెళ్తే దర్శి, పొదిలి ప్రాంతాలు వస్తాయి. ఈ భౌగోళిక స్థితి మన అంశానికి ముఖ్యం. ఎందుకో అయిదో భాగంలో చూస్తాం.

ఇక పదాల సంగతి. పల్లెల్లో మనిషి లోపాన్నే అతని పేరుకు ముందు తగిలించి పిలవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. అలా పిలిచినప్పుడు ఇంటిపేరు, వృత్తి, వరుస అన్నీ వెనక్కి పోయి లోపమే మనిషి గుర్తు అవుతుంది. ప్రభుత్వ వ్యవహారంలో వికలాంగులు అనే మాట చాలాకాలం వాడుకలో ఉంది. తరువాత విభిన్న ప్రతిభావంతులు అనే మాట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖ పేరులోకి వచ్చింది. 2015 చివర్లో ప్రధానమంత్రి చేసిన సూచనతో దివ్యాంగులు అనే పదం ప్రచారమైంది. వైకల్యాన్ని దైవత్వంతో ముడిపెట్టడం కూడా ఒక రకంగా దూరం పెట్టడమేనని కొన్ని హక్కుల సంఘాలు ఆ పదాన్ని అంగీకరించలేదు. ఈ పాఠంలో చట్టాల తెలుగు వాడుకను, సంఘాలు తమకు తాము పెట్టుకున్న పేర్లను అనుసరించి వికలాంగులు అనే పదాన్నే వాడుతున్నాం.

వైకల్యాన్ని రెండు దృక్పథాలతో చూడవచ్చు. మొదటిది వైద్య దృక్పథం. సమస్య శరీరంలో ఉంది, దాన్ని నయం చేయాలి అని ఇది చెబుతుంది. రెండవది సామాజిక దృక్పథం. మెట్లు మాత్రమే ఉండి వాలుబాట లేని బడి, పెళ్లి సంబంధం చూడని బంధువులు, పనికి పిలవని మేస్త్రీ కూడా వైకల్యానికి కారణాలే అని ఇది చెబుతుంది. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక రెండవ దృక్పథానికి దగ్గరగా ఉంది. భారతదేశం దాన్ని 2007 అక్టోబరులో ధ్రువీకరించింది. అయితే రెండు దృక్పథాలలో ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని వదిలేయడం సాధ్యం కాదని పల్నాడు అనుభవం మనకు చూపిస్తుంది.

3. వాటా: కుటుంబం, ఆస్తి, చట్టం

వ్యవసాయ సమాజంలో మనిషి విలువను నిర్ణయించే మొదటి అంశం భూమిలో వాటా. వాటా ఉన్నవాడు అన్నదమ్ముల మధ్య కూర్చుని మాట్లాడతాడు. వాటా లేనివాడు వారి దయ మీద ఆధారపడతాడు. మన ప్రాంతంలో హిందూ ఉమ్మడి కుటుంబాలకు వర్తించిన మితాక్షర ధర్మశాస్త్రం ఈ విషయంలో స్పష్టమైన గీత గీసింది. పుట్టుకతో అంధులు, బధిరులు, మూగవారు, మతిస్థిమితం లేనివారు, కొన్ని రకాల వ్యాధిగ్రస్తులు వారసత్వంలో భాగానికి అర్హులు కారు. వారికి తిండి, బట్ట ఇచ్చి పోషించే బాధ్యత మాత్రం భాగం తీసుకున్నవారిపై ఉంటుంది. విజ్ఞానేశ్వరుడి మితాక్షరను పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. అంటే ఈ ధర్మశాస్త్ర సంప్రదాయం తెలుగు సాహిత్యంలో కూడా చాలా పూర్వమే చోటు సంపాదించుకుంది.

ఈ నియమంలో రెండు ముఖాలు ఉన్నాయి. ఆకలితో చనిపోనివ్వకూడదన్న బాధ్యత ఒకటి. సమానుడిగా అంగీకరించకపోవడం రెండోది. పోషణ హక్కు ఉన్న మనిషి బతుకుతాడు. కానీ అతను కుటుంబ నిర్ణయాల్లో లేడు. అతని కొడుకుకు ఆ లోపం లేకపోతే వాటా వస్తుంది, అతనికి మాత్రం రాదు. తండ్రి కొడుకు మీద ఆధారపడే ఈ స్థితి ఇంట్లో గౌరవాన్ని ఎలా మారుస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఈ పరిస్థితి రెండు మెట్లలో మారింది. 1928లో వచ్చిన హిందూ వారసత్వ (అనర్హతల తొలగింపు) చట్టం, పుట్టుకతో మతిస్థిమితం లేనివారిని మినహాయించి మిగిలిన వికలాంగులకు వారసత్వ హక్కు ఇచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ వ్యాధి, లోపం, వైకల్యం కారణంగా ఎవరినీ వారసత్వం నుంచి తొలగించరాదని తేల్చింది. కాగితం మీద ఈ సమస్య అక్కడితో ముగిసింది. కానీ చట్టం ఇచ్చిన వాటాను పంచుకునేది ఇంట్లో. సంతకం చేయలేని, కచేరీకి వెళ్లలేని, సైగలతో మాట్లాడే మనిషి తరఫున ఎవరు మాట్లాడతారు అనేది చట్టం ఒక్కటే పరిష్కరించగల ప్రశ్న కాదు.

4. లెక్క: జనగణనలో వికలాంగులు

ఒక సమాజం ఎవరిని లెక్కిస్తుందో, ఎలా లెక్కిస్తుందో గమనిస్తే దాని దృష్టి తెలుస్తుంది. 1871-72లో జరిగిన తొలి జనగణన నుంచి 1931 వరకు బ్రిటిష్ ప్రభుత్వం మతిస్థిమితం లేనివారు, చెవిటి-మూగవారు, అంధులు, కుష్ఠురోగులు అనే నాలుగు వర్గాలను లెక్కించింది. కాలు విరిగినవారు, నడుం వంగిపోయినవారు ఆ లెక్కలో లేరు. 1941 నుంచి 1971 వరకు ఈ ప్రశ్న పూర్తిగా ఆగిపోయింది. 1981లో మూడు వర్గాలతో మళ్లీ అడిగారు. 1991లో మళ్లీ వదిలేశారు. వికలాంగుల సంఘాల ఒత్తిడి తరువాత 2001లో అయిదు వర్గాలతో, 2011లో ఎనిమిది వర్గాలతో లెక్కించారు.

2001లో దేశంలో 2.19 కోట్ల మంది వికలాంగులు ఉన్నారని తేలింది. 2011 నాటికి ఆ సంఖ్య 2.68 కోట్లు. ఇది జనాభాలో 2.21 శాతం. వారిలో సుమారు 69 శాతం గ్రామాల్లో ఉన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య 22.66 లక్షలు. ఈ సంఖ్యలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గణకుడు ఇంటి గడప దగ్గర అడిగిన ప్రశ్నకు ఇంటి పెద్ద చెప్పిన సమాధానం ఇది. పెళ్లీడు కూతురు ఉన్న ఇంట్లో వైకల్యం ఉందని చెప్పడానికి వెనుకాడతారు. కనుక ఈ లెక్కలోనే సామాజిక సంబంధాల నీడ ఉంది.

5. నీరు: ఫ్లోరోసిస్ చరిత్ర

5.1 ఎద్దుల నుంచి మనుషుల దాకా

వైకల్యానికి కారణాలు అనేకం. పల్నాడు చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రత్యేకమైన కారణం భూగర్భ జలంలోని ఫ్లోరైడ్. 1930లలో అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట గ్రామాల రైతులు ఒక విషయం గమనించారని చెబుతారు. బయటి నుంచి కొని తెచ్చిన ఆరోగ్యమైన ఎద్దులు కొన్ని నెలలకే కుంటుతూ దుక్కికి పనికిరాకుండా పోతున్నాయి. మేత చాలక అని అనుకుని రైతులు ఎద్దులను మార్చారు. కొంతకాలానికి మనుషుల్లోనూ అదే బాధ కనిపించింది. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ అనే వైద్యులు మద్రాసు ప్రెసిడెన్సీలో స్థానికంగా వ్యాపించిన ఫ్లోరోసిస్ మీద తమ పరిశోధనను ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో ప్రచురించారు. మన దేశంలో మనుషుల్లో ఈ వ్యాధిని శాస్త్రీయంగా వివరించిన తొలి రచన ఇదే. వారు పరిశీలించిన ప్రాంతం వినుకొండకు దక్షిణాన ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు నుంచి దానిలో చేరాయి. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే పల్నాడుకు దక్షిణాన ఒకటి, ఉత్తరాన ఒకటి, ప్రపంచ వైద్య చరిత్రలో నమోదైన రెండు ప్రాంతాలు ఉన్నాయి. నేల ఒకటే కాబట్టి జిల్లా సరిహద్దు దగ్గర సమస్య ఆగదు. వినుకొండ, బొల్లాపల్లి వైపు గ్రామాల్లోనూ ఇదే ఇబ్బంది ఉంది.

తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చని, వేరే నీటి వసతి లేకపోతే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. అంతకు మించిన నీటిని చిన్నతనం నుంచి తాగితే పళ్ల మీద తెల్లని, తరువాత గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుపోతుంది. కీళ్ల దగ్గరి కండర బంధనాలు గట్టిపడతాయి. మెడ తిరగదు, వెన్ను వంగదు. తీవ్రమైన దశలో వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడతాయి. ఒకసారి ఎముకకు వచ్చిన మార్పును మందులతో వెనక్కి తీసుకురాలేం. నివారణ ఒక్కటే మార్గం, అది మంచినీరు.

5.2 సాగర్ కాలువ తెచ్చిన మార్పు

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. మాచర్ల పక్కనే మొదలయ్యే కుడి కాలువ పల్నాడు వ్యవసాయాన్ని మార్చివేసింది. కాలువ నీటితో చెరువులు నింపి తాగునీరుగా వాడుకునే అవకాశం కాలువ కింది ఊళ్లకు వచ్చింది. నదీ జలంలో ఫ్లోరైడ్ తక్కువ. కనుక కాలువ కింద ఉన్న ఊరికీ, కాలువ అందని మెట్ట ఊరికీ మధ్య పంటలోనే కాక ఎముకల్లో కూడా తేడా వచ్చే పరిస్థితి ఏర్పడింది.

అయితే ఈ కథ అంత సూటిగా లేదు. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతంలోని యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే కొత్త లక్షణాన్ని గుర్తించి 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పెద్ద జలాశయాలు వచ్చాక భూగర్భ జలమట్టం, మట్టిలోని ఖనిజాల తీరు మారడం, జొన్న ప్రధానమైన ఆహారం వంటివి ఇందుకు దోహదం చేసి ఉండవచ్చని ఆ తరువాతి పరిశోధనలు చర్చించాయి. అదే కాలంలో కరవును ఎదుర్కోవడానికి గ్రామాల్లో చేతిపంపులు, లోతైన బోర్లు వేశారు. రాతి పొరల్లో ఎక్కువ కాలం నిలిచిన లోతు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. కలరా, విరేచనాల నుంచి కాపాడిన బోరే కొన్ని ఊళ్లలో ఎముకలకు ముప్పు తెచ్చింది. అభివృద్ధి పనుల ఫలితాలు అందరికీ ఒకేలా అందవని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

పరిష్కారాల వైపు కూడా ప్రయత్నాలు జరిగాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. 1986లో మొదలైన జాతీయ తాగునీటి మిషన్‌లో ఫ్లోరోసిస్ నివారణ ఒక భాగం. 2008-09లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించి తొలి విడత జిల్లాల్లో నెల్లూరును చేర్చింది. పల్నాడులో కాలువ అందని వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్ట మండలాలకు కృష్ణా నీటిని ఇవ్వాలన్న వరికపూడిశెల ఎత్తిపోతల పథకం డిమాండ్‌ను కూడా ఈ నేపథ్యంలోనే చదవాలి. దాన్ని సాగునీటి డిమాండ్‌గా మాత్రమే చూస్తే సగమే చూసినట్లు.

5.3 సంబంధాలపై ప్రభావం

ఫ్లోరోసిస్ ఒక మనిషికి కాక ఒక ఊరికి వచ్చే వైకల్యం. అందుకే దాని సామాజిక ఫలితం కూడా ఊరంతటి మీద పడుతుంది. నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఊళ్లకు పిల్లనివ్వడానికి బయటివారు వెనుకాడేవారన్న మాట ఆ ఉద్యమ చరిత్రలో పదేపదే వినిపిస్తుంది. మచ్చలు పడిన పళ్లు కనిపించకుండా నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వడం యువతీ యువకులకు అలవాటవుతుంది. వ్యాధి అంటుకునేది కాదు, వంశపారంపర్యం కూడా కాదు. వేరే ఊరికి వెళ్లి మంచినీరు తాగే కోడలి పిల్లలకు ఏ ప్రమాదమూ ఉండదు. ఈ చిన్న శాస్త్ర విషయం తెలియకపోవడం వల్ల ఎన్నో సంబంధాలు మొదట్లోనే ఆగిపోతాయి.

మెడ తిరగని మనిషి పక్కవారి పలకరింపుకు ఒళ్లంతా తిప్పి చూడాలి. చేతులు పైకి లేవకపోతే తల దువ్వుకోవడానికి కూడా మరొకరు కావాలి. బస్సు మెట్టు ఎక్కలేకపోతే చుట్టపు చూపు ఆగిపోతుంది. మొదట పెళ్లిళ్లకు, తరువాత తిరునాళ్లకు, చివరికి పక్క వీధి శుభకార్యానికి కూడా వెళ్లడం తగ్గుతుంది. వెళ్లనివారిని పిలవడం కూడా క్రమంగా తగ్గుతుంది. వ్యాధి శరీరాన్ని బిగించినట్లే ఒంటరితనం జీవితాన్ని బిగిస్తుంది. నల్గొండ జిల్లా శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి వంటి బాధితులు ఈ ఒంటరితనాన్ని దాటి ప్రజల ముందుకు వచ్చి ఫ్లోరైడ్ సమస్యకు ముఖంగా నిలిచారు. ఆయన 2023 జనవరిలో మరణించారు. బాధితుడు కేవలం సానుభూతికి పాత్రుడు కాదు, సాక్షి, ఉద్యమకారుడు కూడా కాగలడని ఆ జీవితం చూపింది.

6. పని, ప్రమాదం, పరిహారం

పల్నాడు సున్నపురాయి నేల. పిడుగురాళ్ల సున్నం బట్టీలు, మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి, సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు వేలాది కుటుంబాలకు బతుకుతెరువు. క్వారీలో రాయి జారి పడడం, సున్నం కంట్లో పడడం, దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరడం ఈ పనుల్లో ఉండే ప్రమాదాలు. గ్రామ కక్షల్లో నాటుబాంబులు, గొడ్డళ్లు కొందరిని జీవితాంతం వికలాంగులను చేశాయి. ఒకే రకమైన గాయం అయినా అది ఎక్కడ జరిగిందనే దాన్ని బట్టి ఊరు ఆ మనిషిని చూసే తీరు మారుతుంది. కక్షలో చేయి పోయినవాడికి అతని వర్గం అండగా నిలవవచ్చు. క్వారీలో చేయి పోయిన వలస కూలీకి మేస్త్రీ ఇచ్చిన ఆసుపత్రి ఖర్చే చివరి సంబంధం కావచ్చు.

1923 నాటి కార్మికుల పరిహార చట్టం ఏ అవయవం పోతే సంపాదన శక్తి ఎంత శాతం పోయినట్లో ఒక పట్టిక ఇచ్చింది. శరీర నష్టాన్ని శాతాల్లో చెప్పే పద్ధతికి మన చట్టాల్లో ఇది ఒక ముఖ్యమైన మూలం. హాజరు పట్టీ లేని చోట, యజమాని ఎవరో రుజువు చేయలేని చోట ఆ పట్టిక ఉపయోగపడలేదు. 2006లో అనంతపురం జిల్లా నుంచి మొదలైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మరో దారి చూపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ కూలీలకు ప్రత్యేక శ్రమశక్తి సంఘాలు ఏర్పాటు చేసి పని కొలతను వారి శక్తికి తగినట్లు తగ్గించారు. కూలి డబ్బుతో పాటు మరొకటి కూడా ఇక్కడ దక్కింది. పొద్దున్నే నలుగురితో కలిసి పనికి వెళ్లే మనిషిగా గుర్తింపు అది. పల్లెలో స్నేహాలు ఎక్కువగా పని దగ్గరే పుడతాయి. పనికి పిలవకపోవడం అంటే స్నేహానికి కూడా పిలవకపోవడమే.

7. పెళ్లి, సంరక్షణ

సామాజిక సంబంధాల్లో అతి కఠినమైన పరీక్ష వివాహం. 1955 హిందూ వివాహ చట్టంలో కుష్ఠువ్యాధి విడాకులకు ఒక కారణంగా ఉండేది. బహుళ ఔషధ చికిత్సతో వ్యాధి పూర్తిగా నయమవుతున్నా ఆ నిబంధన దశాబ్దాల పాటు కొనసాగింది. కుష్ఠురోగులను విడిగా ఉంచడానికి వీలు కల్పించిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. విడాకుల కారణాల్లోంచి కుష్ఠును తొలగిస్తూ పార్లమెంటు చట్టం చేసింది 2019లో. వైద్యం ముందు నడిచింది, చట్టం వెనుక వచ్చింది, ఊరి మనసు ఇంకా వెనుక ఉంది. ఈ మూడింటి వేగాల మధ్య తేడాను వైకల్య చరిత్రలో అన్నిచోట్లా గమనించవచ్చు.

వికలాంగులను వివాహం చేసుకునే వారికి రాష్ట్ర ప్రభుత్వం ప్రోత్సాహక నగదు ఇచ్చింది. 2022లో ప్రారంభమైన పథకంలో ఈ మొత్తం 1.5 లక్షల రూపాయలు. దీనిపై రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పేద కుటుంబంలో కొత్త సంసారం నిలదొక్కుకోవడానికి ఇది ఆసరా అని ఒక వాదన. వైకల్యం ఉన్న మనిషిని చేసుకోవడం ఒక త్యాగం, దానికి పరిహారం చెల్లించాలి అన్న భావాన్ని ఇది బలపరుస్తుందని మరో వాదన. రెండింటిలోనూ నిజం ఉంది. మీరు ఏ వాదనను సమర్థించినా రెండోదానికి సమాధానం చెప్పగలగాలి.

స్త్రీ, పురుషుల అనుభవం ఒకటి కాదు. వైకల్యం ఉన్న పురుషుడికి పేదింటి అమ్మాయితో పెళ్లి జరగడం, ఆమె జీవితాంతం సంరక్షకురాలు కావడం పల్లెల్లో మామూలు విషయం. వైకల్యం ఉన్న స్త్రీకి అలాంటి అవకాశం అరుదు. పెళ్లి తరువాత వైకల్యం వచ్చిన స్త్రీ పుట్టింటికి తిరిగి రావడం మరీ అరుదైన సంగతి కాదు. ఇంట్లో మంచం పట్టినవారిని చూసుకునే తల్లి, భార్య, కోడలు చేసే పనికి కూలి లేదు, సెలవు లేదు, లెక్కలో చోటు లేదు. వికలాంగుల జీవన నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు ఈ స్త్రీల జీవన నాణ్యతను కూడా కలిపి చూడాలి.

8. ధ్రువపత్రం, పింఛను, సంఘం

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించి ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆ రకాలను 21కి, రిజర్వేషన్‌ను 4 శాతానికి పెంచింది. రెండు చట్టాల్లోనూ ప్రధాన ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం గీటురాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ శాతాన్ని నిర్ధారించి ధ్రువపత్రం ఇచ్చేది సదరం శిబిరం. 2016 చట్టం జాబితాలో ఫ్లోరోసిస్‌కు విడిగా పేరు లేదు. దాని వల్ల వచ్చిన చలన లోపం ఎంత శాతమో మాత్రమే చూస్తారు. రాత్రంతా నిద్రపట్టనివ్వని నొప్పి ఆ శాతంలో సరిగా పట్టుబడదు. 39 దగ్గర ఆగినవాడికీ 40 దాటినవాడికీ బాధలో తేడా దాదాపు లేదు, బతుకులో మాత్రం చాలా ఉంది.

పింఛను మొత్తం క్రమంగా పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో వైకల్య శాతాన్ని బట్టి నెలకు 1,000 లేదా 1,500 రూపాయలు ఉండేది. 2019 నాటికి 3,000 అయింది. 2024 జూలై నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఈ డబ్బు ఇంటి లోపలి సంబంధాలను కదిలించింది. ఇంటికి భారం అనిపించుకున్న మనిషి నెలనెలా ఆదాయం తెచ్చే మనిషి అయ్యాడు. మనవడికి పుస్తకం కొనివ్వగలగడం, తన మందులు తాను తెప్పించుకోగలగడం చిన్న మార్పులు కావు. మరోవైపు పింఛను కోసమే ఇంట్లో ఉంచుకుని, ఆ డబ్బు మరొకరు ఖర్చు పెట్టే ప్రమాదం కూడా ఉంది. పోషణకు, వాటాకు మధ్య మూడో భాగంలో చూసిన పాత ప్రశ్న ఇక్కడ కొత్త రూపంలో తిరిగి కనిపిస్తుంది.

2000 తరువాత వెలుగు, ఇందిరా క్రాంతి పథం కార్యక్రమాల్లో భాగంగా ఉమ్మడి రాష్ట్రంలో వికలాంగుల స్వయం సహాయక సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. పొదుపు, అప్పు వీటి ప్రకటిత లక్ష్యం. కానీ సంఘం సమావేశానికి వెళ్లడం అంటే వారానికో నెలకో ఒకసారి ఇల్లు దాటడం, తనలాంటి మరో పదిమందిని కలవడం, పేరు పెట్టి పిలిపించుకోవడం. తరువాతి కాలంలో పింఛను పెంపు కోసం జరిగిన ఉద్యమాలకు ఇలాంటి కలయికలు పునాది అయ్యాయి. సమస్య నా ఒక్కడిది కాదు అన్న గ్రహింపు హక్కుల స్పృహకు తొలి మెట్టు.

9. జీవన నాణ్యతను ఎలా కొలవాలి?

1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీవన నాణ్యతను కొలిచే ప్రశ్నావళిని రూపొందించింది. దాని తయారీలో పాల్గొన్న కేంద్రాల్లో మద్రాసు, ఢిల్లీ కూడా ఉన్నాయి. 26 ప్రశ్నలున్న సంక్షిప్త రూపంలో నాలుగు విభాగాలు ఉంటాయి. అవి శారీరక ఆరోగ్యం, మానసిక స్థితి, సామాజిక సంబంధాలు, పరిసరాలు. సామాజిక సంబంధాల విభాగంలో మూడే ప్రశ్నలు. వ్యక్తిగత సంబంధాలతో, దాంపత్య జీవితంతో, స్నేహితుల నుంచి అందే తోడ్పాటుతో మీరు ఎంత తృప్తిగా ఉన్నారు అని అవి అడుగుతాయి.

ఈ పద్ధతి గొప్పదనం ఏమిటంటే వైద్యుడి అంచనాను కాక ఆ మనిషి సొంత మాటను ప్రమాణంగా తీసుకోవడం. పరిమితి ఏమిటంటే తృప్తి అలవాటును బట్టి మారుతుంది. ఏళ్ల తరబడి వెనుక గదిలో తిన్న మనిషి తనకు ఏ లోటూ లేదని చెప్పవచ్చు. అందువల్ల తృప్తి ప్రశ్నలతో పాటు పల్నాడు వంటి ప్రాంతంలో మరికొన్ని నిర్దిష్ట ప్రశ్నలు కూడా అడగాలి. గత ఏడాది ఎన్ని పెళ్లిళ్లకు వెళ్లారు? ఇంటి భూమి పత్రాల్లో మీ పేరు ఉందా? పింఛను డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? తాగే నీరు ఎక్కడి నుంచి వస్తుంది? ఊళ్లో మిమ్మల్ని ఏ పేరుతో పిలుస్తారు? ఈ అయిదు ప్రశ్నలకు వచ్చే సమాధానాల్లో ఒక ఊరి సామాజిక చరిత్ర చాలావరకు దొరుకుతుంది.

10. సారాంశం

పల్నాడు ప్రాంత అనుభవం మూడు విషయాలను స్పష్టం చేస్తుంది. మొదటిది, వైకల్యం కొంతవరకు ప్రకృతి ఇచ్చినదైనా అది ఎవరికి ఎంత చేటు చేస్తుందో నిర్ణయించేది కాలువ ఎటు వెళ్లింది, బోరు ఎంత లోతుకు వేశారు వంటి మానవ నిర్ణయాలు. కనుక మంచినీటి పైపు కూడా వైకల్య విధానంలో భాగమే. రెండవది, చట్టం వికలాంగులను పోషణ పొందేవారి స్థానం నుంచి హక్కుదారుల స్థానానికి తెచ్చింది. వారసత్వంలో 1928, 1956, వివాహంలో 2019, హక్కుల్లో 1995, 2016 ఈ ప్రయాణంలో ముఖ్యమైన మైలురాళ్లు. మూడవది, పోషణ అందినంత మాత్రాన సంబంధం దక్కదు. వాటా, పని, పెళ్లి, పిలుపు అనే నాలుగింటిలో సమాన స్థానం ఉన్నప్పుడే జీవన నాణ్యత పెరుగుతుంది. చాపకూడు ఆదర్శం గొప్పదే. కింద కూర్చోలేని మనిషికి కూడా ఆ వరుసలో చోటు చేసినప్పుడు అది పూర్తవుతుంది.

11. ముఖ్య పదాలు

సామాజిక దృక్పథం: వైకల్యానికి శరీర లోపంతో పాటు సమాజంలోని అడ్డంకులు కూడా కారణమని చెప్పే ఆలోచన.

మితాక్షర: యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం. మన ప్రాంత హిందూ కుటుంబాల వారసత్వ నియమాలకు ఆధారం.

అస్థి ఫ్లోరోసిస్: ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగడం వల్ల ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే వ్యాధి.

సదరం: వైకల్య శాతాన్ని నిర్ధారించి ధ్రువపత్రం ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ విధానం.

12. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పల్నాడు, దాని పొరుగు ప్రాంతాల్లో ఫ్లోరోసిస్ చరిత్రను వివరించి, సామాజిక సంబంధాలపై దాని ప్రభావాన్ని చర్చించండి.
2. వారసత్వ, వివాహ చట్టాల్లో వికలాంగుల స్థానం ఎలా మారిందో తెలపండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జనగణనలో వికలాంగుల లెక్క ఎందుకు తక్కువగా నమోదయ్యే అవకాశం ఉంది?
2. పింఛను ఇంటి లోపలి సంబంధాలను ఎలా మారుస్తుంది?
3. శాతాల్లో వైకల్యాన్ని కొలవడంలో ఉన్న ఇబ్బంది ఏమిటి?

ఇ) క్షేత్ర కృత్యం: మీ ఊళ్లో 60 ఏళ్లు దాటిన నలుగురితో మాట్లాడి, వారి చిన్నతనం నుంచి ఇప్పటి వరకు ఊరి తాగునీటి వనరులు ఎలా మారాయో కాలక్రమంలో రాయండి. తొమ్మిదో భాగంలోని అయిదు ప్రశ్నలను వైకల్యం ఉన్న ఒకరిని, వారి అనుమతితో, స్వయంగా అడగండి. ఇంట్లో వేరేవారు బదులు చెప్పబోతే మర్యాదగా ఆపి, ఆ మనిషి మాట కోసం వేచి ఉండండి. మీ నివేదికలో వారి పేరు రాయవద్దు.